నింద రాకముందే చెప్పాల్సిన జవాబు: పాస్టర్లకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని పాస్టర్లకు, ఫాదర్లకు, సంఘ పెద్దలకు,



నేను చౌటుప్పల్‌లో ఉండే మామూలు విశ్వాసిని. మన మీద పడుతున్న బద్నాం గురించి మనం బయట మాట్లాడే తీరు, లోపల మాట్లాడుకునే తీరు రెండూ నన్ను చాలాకాలంగా బాధపెడుతున్నాయి. మీలో ఏ ఒక్కరి మీదా ఫిర్యాదు లేదు కాబట్టి ఎవరి పేరూ రాయకుండా అందరికీ కలిపి రాస్తున్నాను.

మా ఊరి సంగతి మీరెరిగిందే. విజయవాడ రోడ్డు మీద ఊరు. పంతంగి టోల్‌గేటు దాకా బండ్లు, చుట్టూ మందుల కంపెనీలు, వెంచర్ల జెండాలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి కిరాయికుండే జనం. పక్కింటివాళ్లది ఏ ఊరో తెలియని చోట పుకారు తొందరగా పాకుతుంది. డబ్బులిచ్చి మతం మారుస్తున్నారని, విదేశాల నుంచి లక్షలొస్తున్నాయని, మందులు మాన్పించి ప్రార్థనలు చేయిస్తున్నారని అంటుంటారు. ఒక్క వీడియో తిరిగితే చాలు, కూలీలు పదో ఇరవయ్యో కానుక వేసి నడుపుకునే మందిరం మీద ఊరంతటికీ అనుమానం పుడుతుంది.

నింద పడ్డాక వచ్చే ఆదివారం ప్రసంగం ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. పోతీఫరు ఇంట్లో యోసేపు, సింహాల గుహలో దానియేలు, నింద పడ్డవాళ్లు ధన్యులన్న కొండమీది ప్రసంగం మాట. ఆ ప్రసంగం తప్పు కాదు, కుంగిపోయిన మనిషిని అది నిలబెడుతుంది. కానీ ఆ ధన్యతకు ప్రభువు ఒక షరతు పెట్టాడు. ఆ నింద అబద్ధమై ఉండాలి. పేతురు తన మొదటి పత్రికలో దాన్ని ఇంకా విప్పి చెప్పాడు. హంతకుడిగానో దొంగగానో పరుల జోలికి పోయేవాడిగానో బాధపడితే అందులో గొప్పేమీ లేదు, క్రైస్తవుడైనందుకు బాధపడితే మాత్రం సిగ్గుపడక్కర్లేదు అని ఆయన మాటల సారం. ఈ రెండింటినీ వేరుచేసి చూసే పని మనం మానేశాం. నింద రావడమే ఆలస్యం, అది హింసేనని తేల్చేస్తున్నాం.

నింద అబద్ధమని నిలబడి చెప్పే బలం నింద పడ్డ రోజున పుట్టదు. దాన్ని ముందే సంపాదించుకోవాలి. ఇందుకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది.

1876–78 నాటి పెద్ద కరవులో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లాఫ్ ఉండేవాడు. ప్రభుత్వం కరవు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడికి పోయిన మాదిగ కూలీలకు మేస్త్రీల చేతిలో తిట్లూ దెబ్బలూ. క్లాఫ్ తానే మూడున్నర మైళ్ల కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని, తన తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా నిలబెట్టాడు. వేలమంది అక్కడ పని చేసుకుని ప్రాణం నిలుపుకున్నారు. పని మధ్యలో అలసట తీర్చుకుంటూ బోధకుల నోట వాక్యం విన్నారు. బాప్తిస్మం ఇమ్మని గుంపులు గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరవు సాయం తన చేతుల మీదుగా నడుస్తున్నంత కాలం, అంటే దాదాపు 15 నెలలు, బాప్తిస్మాలు పూర్తిగా ఆపేశాడు.

అది ఎంత కష్టమైన నిర్ణయమో ఆలోచించండి. ఆయన అక్కడికి వచ్చిందే బాప్తిస్మాలివ్వడానికి. అడుగుతున్నవాళ్లు ఎదురుగా ఉన్నారు, వాళ్లలో రేపు ఎంతమంది బతికుంటారో తెలియదు. అయినా ఆకలితో ఉన్న మనిషి చెప్పే నమ్మకాన్ని ఆకలి తీరేదాకా లెక్కలోకి తీసుకోనన్నాడు. కరవు తగ్గింది, సాయం ఆగింది. పంచడానికి ఏమీ మిగలని రోజున కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ. గంజి కోసం మతంలో కలిశారన్న మాట ఆ తర్వాతా ఆగలేదు, నేటికీ మన చెవిన పడుతూనే ఉంది. కానీ ఆ మాటకు జవాబు ఆ 15 నెలల్లోనే తయారై ఉంది.

ఆ మిషనే మన వైపూ వచ్చింది. రష్యాకు చెందిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టింది దాని కిందే. మన తాతముత్తాతల్లో చాలామంది విశ్వాసం అక్కడ మొదలైందే. అందుకే అడుగుతున్నాను. క్రిస్మస్‌కు చీరలు, దుప్పట్లు పంచే సభలోనే చేతులెత్తించి తీర్మానాలు చేయించడం మనకు అవసరమా? ఆస్పత్రి ఖర్చు కట్టిన ఇంటికి మరునాడే బాప్తిస్మం మాట ఎత్తడం అవసరమా? సాయం చేసే రోజు సాయమే చేద్దాం. వాక్యం వినాలనుకున్నవాళ్లు మళ్లీ వస్తారు. రాకపోయినా మనం చేసిన సాయం వృథా పోదు.

డబ్బు సంగతీ అంతే. యెరూషలేములోని బీదల కోసం పోగుచేసిన చందాను పౌలు ఒంటరిగా తీసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుడి ఎదుటే కాదు మనుషుల ఎదుట కూడా సవ్యంగా కనిపించాలని ఆయన పట్టుదల. అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మనకు అక్కర్లేదా? 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదో ముందస్తు అనుమతో లేకుండా మతసంస్థలు బయటి దేశాల చందా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. మన చిన్న మందిరాల్లో చాలావాటికి అలాంటి డబ్బు వచ్చిందే లేదు. ఆ సంగతి మైకులో వందసార్లు చెప్పేకన్నా ఏడాది జమాఖర్చుల కాగితం మందిరం గోడకు అంటిస్తే ఊళ్లో ఎవరైనా వచ్చి చదువుకుంటారు. స్వస్థత సాక్ష్యాలకు కూడా నాదొక విన్నపం. క్యాన్సర్ తగ్గిందని వేదిక మీద చెప్పించే ముందు డాక్టరు రిపోర్టు చూడండి. రిపోర్టు లేకపోతే ఆ మాట చెప్పించకండి.

మన వేదికల మీద ఎవరూ ఎత్తని సంగతి కుల ధ్రువపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులను, ముస్లింలైన దళితులను బయటే ఉంచారు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. వాడ మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు, కాగితం మాత్రం మారాలంటుంది చట్టం. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కానీ దీనివల్ల మన పిల్లలు ఆఫీసులో ఒకటి, మందిరంలో ఒకటి చెప్పుకుంటూ పెరుగుతున్నారు. 2024 నవంబరు 26న పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ ఉద్యోగం కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనంది. ఇరవయ్యేళ్ల పిల్లవాడు ఆ కాగితంతో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే వాడి మీద నేను రాయి వెయ్యను. అంత బరువు వాడి నెత్తిన పెట్టింది మనమూ, చట్టమూ. అయితే నిజాయితీ మీద ప్రసంగాలు చేసే పెద్దలు ఆ పిల్లవాడి పక్కన కూర్చుని ఒక్కసారైనా ఈ మాట మాట్లాడాలి. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా అన్న అంశం తేల్చడానికే 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. మన సంఘాల్లో దాని పేరు విన్నవాళ్లే తక్కువ. అన్యాయమైన చట్టాన్ని ఎదురుగా నిలబడి ఎదిరించాలి. దాని చాటున బతకడం అలవాటైతే రేపు పచ్చి అబద్ధం మన మీద పడ్డా మన గొంతు పెగలదు.

ఇక నింద నిజంగా అబద్ధమైనప్పుడు. 2024 ఏప్రిల్ 16న మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గరి మదర్ తెరెసా పాఠశాలలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. కొందరు పిల్లలు యూనిఫాం బదులు హనుమాన్ దీక్ష బట్టల్లో వచ్చారు. తల్లిదండ్రులతో మాట్లాడాలని మాత్రమే అడిగామని బడివాళ్లు చెప్పారు. దీక్ష బట్టలు నిషేధించారంటూ వీడియో తిరిగింది. గుంపు వచ్చి అద్దాలు పగలగొట్టింది, మదర్ తెరెసా విగ్రహం మీద రాళ్లు వేసింది, బడి నడిపే ఫాదర్‌ను కొట్టింది. చివరికి మతభావాలు దెబ్బతీశారని బడివాళ్ల మీద కూడా 153-ఎ, 295-ఎ సెక్షన్ల కింద కేసు నమోదైంది.

అలాంటి రోజున నోరు మూసుకుని భరించడమే క్రైస్తవ లక్షణమని మనలో కొందరంటారు. హేరోదు ముందు ప్రభువు మౌనంగా ఉన్న మాట నిజమే. కానీ ప్రధాన యాజకుడి ఎదుట బంట్రోతు చెంపదెబ్బ కొట్టినప్పుడు ఆయన ఊరుకోలేదు. తానన్నదాంట్లో తప్పేముందో రుజువు చూపమని అడిగాడు. ఫిలిప్పీలో పౌలు సంగతి చూడండి. విచారణ లేకుండా అందరి ముందు బెత్తాలతో కొట్టించి జైల్లో వేసిన అధికారులు, తెల్లారాక గుట్టుచప్పుడు కాకుండా వెళ్లిపొమ్మన్నారు. పౌలు కదలలేదు. తాము రోమా పౌరులమని, కొట్టించినవాళ్లే స్వయంగా వచ్చి బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. వాళ్లు వచ్చి బతిమాలుకున్నారు. అది పంతం కాదని నా ఉద్దేశం. పౌలు ఊరు దాటిపోతాడు, అక్కడ విశ్వసించిన లూదియ, జైలు నాయకుడు ఆ ఊళ్లోనే బతకాలి. వాళ్ల మీద ఆ మచ్చ ఉండిపోకూడదు.

కాబట్టి ఎఫ్ఐఆర్ నకలు అడగండి, ఫిర్యాదు కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోండి, కోర్టుకు పోవడానికి సిగ్గుపడకండి. ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్‌లో 2022 పవిత్ర గురువారం నాటి ఆరాధన మీద సామూహిక మతమార్పిడి నింద వేసి, ఒకదాని వెంట ఒకటి కేసులు పెట్టారు. 2025 అక్టోబరు 17న సుప్రీంకోర్టు వాటిలో అయిదు ఎఫ్ఐఆర్‌లను కొట్టేసింది. సాక్షుల మాటలు ఒకే అచ్చులో పోసినట్టున్నాయని, అమాయకుల్ని వేధించడానికి నేరచట్టం ఆయుధం కాకూడదని చెప్పింది. అందరికీ తీర్పు బతికుండగా రాదు, అదీ తెలుసు. ఫాదర్ స్టాన్ స్వామిని భీమా కోరెగావ్ కేసులో 2020 అక్టోబరు 8న రాంచీలో అరెస్టు చేశారు. భీమా కోరెగావ్‌కు తానెన్నడూ పోనేలేదని, తన కంప్యూటర్లో దొరికాయంటున్న కాగితాలు తనవి కావని అరెస్టుకు ముందే వీడియోలో చెప్పాడు. పార్కిన్సన్స్ జబ్బుతో గ్లాసు పట్టుకోలేని ఆ 84 ఏళ్ల మనిషి 2021 జూలై 5న విచారణ ఖైదీగానే కన్నుమూశాడు. నేరం రుజువు కాలేదు, విచారణే మొదలుకాలేదు. అయినా ఆయన చివరిదాకా నిజమే చెప్పాడు, చాటుకు పోలేదు. ఆ నడవడి మనకు కావాలి. ముప్పైమంది వస్తే మూడు వందల మంది వచ్చారని మనం చెప్పకూడదు. ఒక గుంపు చేసిన పనిని మన వాడకట్టులోని హిందూ కుటుంబాలన్నిటికీ అంటగట్టకూడదు. మనల్ని కాపాడిన పక్కింటివాళ్లు ఉంటే వాళ్ల సంగతి మొదట చెప్పాలి.

ఇప్పటిదాకా బయటివాళ్లు వేసే నింద గురించి రాశాను. లోపల మనం వేసే నింద నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతోంది.

నాబోతు కథ మీకు నాకన్నా బాగా తెలుసు. రాజుకు తోట కావాలి, నాబోతు అమ్మనన్నాడు. యెజెబెలు ఉత్తరాలు రాసి రాజముద్ర వేయించింది, ఉపవాసం చాటించింది, ఇద్దరు దుర్మార్గుల్ని సాక్షులుగా కూర్చోబెట్టింది. దేవుణ్నీ రాజునూ దూషించాడన్నారు, ఊరవతల రాళ్లతో చంపారు. తోట చేతికొచ్చింది. ఆ ఉపవాసం దగ్గరే నా మనసు ఆగిపోతుంది. అబద్ధపు నిందను మోయడానికి ఒక ప్రార్థన కూడికను వాడుకున్నారు. హైవే పొంటి గజం ధర పెరిగినకొద్దీ మన రాష్ట్రంలో మిషన్ల కాలం నాటి చర్చి భూముల చుట్టూ కొట్లాటలు పెరిగాయి. ఒకే సంఘంలో రెండు కమిటీలు, రెండు తాళాలు, కోర్టులో కేసులు. కేసు గెలవడానికి ఎదుటి పాస్టరు మీద అక్రమ సంబంధం అంటగట్టడం, దొంగతనం అంటగట్టడం, ఎదుటివర్గం పిల్లలనూ కేసులోకి లాగడం. ఆదివారం అదే నోటితో ఉపవాస ప్రార్థన ప్రకటిస్తాం. మన పక్క పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావే ముందు భూమిలేనివాళ్లకు నూరెకరాలు ఇస్తానని నిలబడ్డాడు. ఆయన మన మతస్థుడు కాదు. భూమి కోసం తోటి విశ్వాసిని బద్నాం చేసేవాళ్లం ఆ ఊరి ముందు ఏ మొహంతో నిలబడతాం?

ఇంకొకటి. పాస్టరు మీదనో పెద్దమనిషి మీదనో ఒక ఆడమనిషి ఫిర్యాదు చేస్తే మనకు వెంటనే పోతీఫరు భార్య గుర్తొస్తుంది. కథోలికుల బైబిల్లో దానియేలు గ్రంథం 13వ అధ్యాయంలో సూసన్న ఉంది. అక్కడ అబద్ధం చెప్పింది ఇద్దరు పెద్దలు, న్యాయాధిపతులు. చావుకు గురికాబోయింది ఆడమనిషి. దానియేలు ఆ ఇద్దరినీ విడివిడిగా పిలిచి, ఏ చెట్టు కింద చూశావని అడిగాడు. ఒకడు ఒక చెట్టు పేరు చెప్పాడు, రెండోవాడు మరో చెట్టు పేరు. అబద్ధం బయటపడింది. విచారణ అంటే అది. పెద్దల హోదా చూసి ఆమెను నోరు మూయించి ఉంటే సూసన్న రాళ్ల కింద పోయేది. పెద్ద మీద నిందకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని తిమోతికి రాసిన పౌలే, తప్పు చేసినవాణ్ని అందరి ముందు గద్దించమని తర్వాతి మాటలోనే రాశాడు. ఇక పసిపిల్లల సంగతైతే సంఘ పెద్దల పంచాయితీకి తావే లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెట్టడం నేరం.

పిడతల సత్యంబాబు గురించి రాసి ముగిస్తాను. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరాను చంపారు. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతానికి చెందిన ఈ పేద దళిత యువకుణ్ని పట్టుకొచ్చి హంతకుడన్నారు. 2010 సెప్టెంబరులో విజయవాడ కోర్టు యావజ్జీవం వేసింది. జైల్లో నరాల జబ్బుతో కాళ్లు చచ్చుబడ్డాయి. 2017 మార్చి 31న హైదరాబాద్ హైకోర్టు నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయలు ఇమ్మంది. రాజమండ్రి జైలు నుంచి బయటికొచ్చేసరికి ఎనిమిదిన్నరేళ్లు పోయాయి. ఆ ఏళ్లన్నిటా, అసలు దోషి ఇతను కాదని మొదటి నుంచీ చెబుతూ వచ్చింది ఆయేషా తల్లి శంషాద్ బేగం. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, ఎవరికో ఒకరికి శిక్ష పడితే చాలుననుకోలేదు. తన కూతురి పేరు మీద అబద్ధం నిలబడనివ్వనంది. పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను మనం పిల్లలకు కంఠతా పట్టిస్తాం. ఆ ముస్లిం తల్లి దాన్ని నిండు దుఃఖంలో నిలబెట్టుకుంది.

సత్యంబాబు లాంటివాళ్లు ఇప్పుడూ లోపల ఉన్నారు. 2022 నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలోని ఖైదీల్లో నలుగురికి ముగ్గురు తీర్పు రానివాళ్లే. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం గతంలో ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బాండు మీద విడుదల చేయాలి. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికన్నా ఎక్కువ కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. ఈ సంగతులు తెలియక, అడిగే మనిషి లేక చాలామంది లోపలే ఉండిపోతున్నారు.

నల్లగొండ జిల్లా జైలుకు మనలో చాలామంది పాటలు పాడడానికి, క్రిస్మస్ కేకులు పంచడానికి పోతుంటారు. ఈసారి పోయినప్పుడు ఒక లాయరును, ఒక నోటు పుస్తకాన్ని వెంట తీసుకుపోండి. ఎవరు ఎన్నాళ్లుగా ఉన్నారు, ఏ సెక్షను, లాయరున్నాడా లేడా అని ఒక్కొక్కరిని అడిగి రాసుకోండి. మన సంఘం మనిషా కాదా అని అడగకండి. ఆ వివరాలు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వండి. తిరిగే పని నాకు చెప్పండి, నేను చేస్తాను.

ఇట్లు,
మీ తోటి విశ్వాసి,
చౌటుప్పల్